తిరుగు ప్రయాణం లేని ఇమామ్ గారు

మా తుక్కుగూడకు శంషాబాద్ విమానాశ్రయం ఎంతో దూరం కాదు. అక్కడ విమానమెక్కి కొన్ని గంటల్లోనే మేము అండమాన్ చేరుకున్నాము. పోర్ట్ బ్లెయిర్‌లో దిగగానే ఉప్పుతేమ నిండిన గాలి ముఖాన్ని తాకింది. ఎటు చూసినా కొబ్బరిచెట్లు, వాటి వెనుక నీలి సముద్రం. బజారులో తెలుగు మాటలు వినిపించాయి. మగ్రిబ్ వేళ హైదరాబాద్ కంటే దాదాపు గంట ముందే వచ్చింది. సుబ్‌హానల్లాహ్, ఎంత అందమైన సృష్టి అనుకున్నాము.

అంతలో ఒక పేరు గుర్తుకు వచ్చి మౌనం వహించాము. ఆయన మౌల్వీ అలావుద్దీన్, హైదరాబాద్ మక్కా మసీదు ఇమామ్. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్‌తో కలిసి కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీపై దాడికి నాయకత్వం వహించారు. అందుకు యావజ్జీవ శిక్ష విధించి, 1859లో ఆయనను ఈ దీవులకు పంపారు.

యాత్రికులందరూ సెల్యులార్ జైలు చూడటానికి వెళతారు. కానీ దాని నిర్మాణం మొదలైనది 1896లో. ఇమామ్ గారు ఓడ దిగిన నాడు ఆ గోడలు లేవు. అడవే చెరసాల, సముద్రమే ప్రాకారం. వానల్లో, విషజ్వరాల మధ్య ఆ అడవిని ఖైదీల చేతనే నరికించారు. అదే సంవత్సరం వచ్చిన అల్లామా ఫజ్లెహఖ్ ఖైరాబాదీ తమ వేదనను అరబీలో గ్రంథస్థం చేసి, 1861లో అక్కడే మరణించారు. మన ఇమామ్ గారూ తిరిగి రాలేదు.

మా జేబులో తిరుగు ప్రయాణపు టికెట్టు ఉంది. ఆ సంగతి ఆ రాత్రి మమ్మల్ని నిద్రపోనివ్వలేదు.

ఈసారి మక్కా మసీదుకు వెళ్ళినప్పుడు మీ పిల్లలకు ఆయన పేరు చెప్పండి. ఆయన కోసం దుఆ చేయించండి. అల్లాహ్ ఆయనను కరుణించుగాక. ఆమీన్.