చిల్లులు పడ్డ ఆటపెట్టెకు లప్పం వైద్యం

అటక మీంచి దించిన అట్టపెట్టెలో దుమ్ము కొట్టుకుపోయిన వీడియో గేమ్ ఒకటి బయటపడింది. సెలవులకు వచ్చిన మేనల్లుడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "ఇదేంటి మావయ్యా, ఎలుకలు కొరికాయా?" అన్నాడు. ఎలుకలు కాదు నాయనా, మరమ్మతు చేసినాయన చేతి చలవ!

1996లో మా నాన్నగారు జీతంలో మిగిల్చి కొన్న పెట్టె అది. స్విచ్చి పాడైతే పైమూత మీద చిల్లు పొడిచి వేరే స్విచ్చి బిగించాడు మెకానిక్కు. అడాప్టరు పిన్ను వదులైతే పక్కన ఇంకో చిల్లు పెట్టి వైరు లోపలికి దూర్చాడు. టీవీ మారాక ఆడియో, వీడియో తీగల కోసం వెనకాల మూడోది. పెట్టె పని చేసింది గానీ రూపం చెడింది. నాన్నగారు ఇప్పుడు లేరు. పారేయడానికి మనసొప్పలేదు. అలాగని ఆ అవతారంలో టీవీ పక్కన పెట్టనూ లేము. మరి ఏం చేయాలి?

జపానులో నింటెండో సంస్థ 1983లో ఫ్యామికామ్ అనే ఆటపెట్టెను విడుదల చేసింది. దానికి నకళ్లుగా తయారైన పెట్టెలే 1990ల్లో మన ఊళ్లలోకి వచ్చాయి. క్యాసెట్టు గుచ్చి, రెండు రిమోట్లు తగిలించి, మారియో, కాంట్రా ఆడుతూ అన్నం కూడా మరిచిన కుర్రకారు ఎందరో! అలాంటి పెట్టెకు ఇవాళ విడిగా పైమూత కావాలంటే దొరకదు. అంటే చేయి జారితే మళ్లీ అవకాశం లేదు. అందుకే పనిలోకి దిగేముందు కాస్త తెలుసుకోవాలి.

ముందు ప్లాస్టిక్ జాతి తెలియాలి

ఇలాంటి పెట్టెల్లో ఎక్కువగా వాడేది ఏబీఎస్ ప్లాస్టిక్. ఎక్రిలోనైట్రైల్, బ్యూటడైయీన్, స్టైరీన్ అనే మూడింటి కలయిక. పిల్లల లెగో ఇటుకలు కూడా దీనితో చేసినవే. గట్టిగా ఉంటుంది, కిందపడినా త్వరగా పగలదు. లప్పమైనా, జిగురైనా, రంగైనా చక్కగా పట్టుకుంటుంది. బక్కెట్లకు, డబ్బాలకు వాడే పాలీప్రొపిలీన్, పాలిథిన్ అలా కాదు. వాటి మీద ఏది రాసినా పొరలా ఊడివస్తుంది.

ఏది ఏదో తెలుసుకోవడం కష్టం కాదు. మూత లోపలివైపు అక్షరాలు అచ్చు వేసి ఉన్నాయేమో చూడండి. లేకపోతే లోపల కనబడని చోట గోరంత ముక్క కోసి, సబ్బు చుక్క కలిపిన నీళ్లలో వేయండి. తేలితే పాలీప్రొపిలీనో పాలిథినో అనుకోవచ్చు. మునిగితే ఏబీఎస్ గానీ, దాని దాయాది పాలీస్టైరీన్ గానీ అయ్యే అవకాశం ఎక్కువ. మా పెట్టె ముక్క బుడుంగున మునిగింది. సగం భయం తీరింది.

ఏ చిల్లుకు ఏ మందు?

మొదటి పని ప్లగ్గు పీకి, స్క్రూలు విప్పి, లోపలి బోర్డును తీసి దూరంగా పెట్టడం. ఆ దుమ్ము దానిమీద పడకూడదు. తర్వాత మూతను సబ్బునీళ్లతో కడిగి బాగా ఆరనివ్వాలి. చేతి జిడ్డు ఉన్నచోట లప్పం నిలవదు.

సూదిబెజ్జం లాంటి చిన్నవాటికి ఫెవిక్విక్ లాంటి జిగురు, వంటసోడా చాలు. బెజ్జంలో సోడా నింపి ఒక చుక్క వేస్తే క్షణాల్లో రాయి అవుతుంది. అప్పుడు వేడి పుడుతుంది, ఆవిరి కళ్లు మండిస్తుంది, మొహం దూరంగా ఉంచాలి. ఒక చిక్కు ఏమిటంటే, అది చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కంటే గట్టి. రుద్దేటప్పుడు అది అరగక పక్కది అరిగి గుంట పడుతుంది.

వేలు దూరేంత చిల్లుకు లప్పం ఒక్కటే పెడితే పైన పటారం, లోన లొటారం! నాలుగు రోజులకు నొక్కితే లోపలికి ఊడిపడుతుంది. చిల్లు అంచులను లోపలివైపు ఏటవాలుగా చెక్కి, గరుకు చేసి, వెనకనుంచి పలుచటి ప్లాస్టిక్ బిళ్ల అతికించాలి. పాడైన కంప్యూటరు కీబోర్డు పెట్టె ముక్క అందుకు పనికొస్తుంది. ఆపైన ఎం-సీల్ లాంటి రెండు ముద్దల లప్పం సమంగా తీసుకుని, రంగు ఒక్కటయ్యేదాకా పిసికి నింపాలి. మట్టం కంటే కాస్త ఎత్తుగానే ఉంచి ఒక రాత్రి వదిలేయాలి.

కార్లకు డెంటింగ్, పెయింటింగ్ చేసేవారు వాడే రెండు పాళ్ల పాలిస్టర్ లప్పం ఇంకా నునుపుగా వస్తుంది. గట్టిపరిచే మందు డబ్బా మీద చెప్పిన మేరకే కలపాలి. విడిగా ట్యూబుల్లో వచ్చే ఎన్‌సీ లప్పం మాత్రం గీతలకే పరిమితం. ఆరే కొద్దీ అది కుంచించుకుపోతుంది, పెద్ద చిల్లులో పోస్తే మధ్యలో పల్లం పడుతుంది.

ఇంకో పద్ధతి కూడా ఉంది. ఏబీఎస్ తునకలను అసిటోన్‌లో నానబెడితే జావలా కరుగుతుంది. దాన్ని పొర మీద పొరగా పూస్తే చిల్లు అదే ప్లాస్టిక్‌తో పూడుతుంది. ఆరడానికి రోజులు పడుతుంది. మేము చేసిన తప్పు ఇక్కడే. ఒక చుక్క మూత మీద పడితే కంగారుగా గుడ్డతో తుడిచాను. తుడిచినంత మేరా ప్లాస్టిక్ మెత్తబడి, నా బొటనవేలు అచ్చుపడింది! పడిన చుక్కను ముట్టుకోకుండా ఆరనిచ్చి, తర్వాత అరగదీసి ఉంటే సరిపోయేది. అసిటోన్ ఇట్టే అంటుకునే ద్రవం. పొయ్యి, అగరుబత్తి, సిగరెట్టు దరిదాపుల్లో ఉండకూడదు. కిటికీలు తెరిచి ఉంచాలి.

ఓపికే సగం పని

ఆరిన లప్పాన్ని ఉప్పు కాగితంతో అరగదీయాలి. కాగితాన్ని చదునైన చెక్కముక్కకు చుట్టి రుద్దాలి, వేళ్లతో రుద్దితే ఎగుడుదిగుడవుతుంది. ముందు 180 నంబరు, తర్వాత 320, ఆపైన 600. చివరి రెండూ నీళ్లతో రుద్దే రకమైతే దుమ్ము లేవదు. పొడిగా రుద్దితే ముక్కుకు మాస్కు తప్పదు. కళ్లు మూసుకుని వేలి కొసతో తడిమి చూడండి. కంటికి కనబడని అంచు వేలికి తెలుస్తుంది.

ఆపైన బూడిదరంగు ప్రైమరు పలుచగా కొట్టాలి. దాచిన లోపాలన్నీ అప్పుడు బయటపడతాయి! మళ్లీ లప్పం, మళ్లీ రుద్దుడు. మాకు మూడుసార్లు పట్టింది. పూడ్చిన చోటుకే రంగు వేస్తే వయసుతో పసుపెక్కిన పాత రంగుతో కలవదు, మచ్చలా కనబడుతుంది. మూత మొత్తానికి రంగు కొట్టడమే మేలు. ఒక్కసారే ముద్దగా కొడితే జారుతుంది. పలుచటి పొరలు మూడు నాలుగు వేయాలి, పొరకూ పొరకూ నడుమ ఆరనివ్వాలి.

పూడ్చకూడని చిల్లులు

ఉత్సాహంలో అన్నీ మూసేయకండి. గాలి ఆడటానికి పెట్టిన సన్నటి పొడుగు సందులు అందం కోసం కావు, లోపలి వేడి పోవడానికి. స్క్రూ గుంతలను పూడిస్తే మరోసారి విప్పలేరు.

మా పెట్టె విషయమే చూడండి. మెకానిక్కు పెట్టిన చిల్లుల్లో రెండు మూసేశాం. పాత స్విచ్చి చోటే కొత్తది, పాత పిన్ను చోటే కొత్త పిన్ను అతికించాం. మూడోదాన్ని మాత్రం అంచులు నునుపు చేసి, రబ్బరు వాషరు తొడిగి ఉంచేశాం. బొమ్మ టీవీకి చేరేది ఆ తీగల మీదే. దాన్నీ పూడిస్తే పెట్టె అందంగానే ఉంటుంది, ఆట మాత్రం ఉండదు.

ఎర్రమూత, తెల్ల అడుగు. పక్కనుంచి వెలుతురు పడితే తప్ప అతుకు కనబడదు. మొదటి రిమోటు మేనల్లుడు లాక్కున్నాడు. రెండోది నాకు మిగిలింది.