'అ'కి మూడు బైట్లు

కీబోర్డు మీద 'అ' నొక్కితే తెర మీద 'అ' పడుతుంది. కంప్యూటర్ లోపల మాత్రం అక్షరమంటూ ఏదీ ఉండదు, 3077 అనే సంఖ్య ఉంటుంది. ప్రపంచ భాషల లిపులన్నిటికీ నంబర్లు ఇచ్చిన యూనికోడ్ పట్టికలో మన 'అ' నంబరు అది. అదే పట్టికలో ఇంగ్లిషు పెద్ద 'ఏ' అక్షరం నంబరు 65. ఇప్పుడు ఎక్కువగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఆ 65 ఒక్క బైట్‌లో పట్టేస్తుంది. మన 'అ'కి మూడు బైట్లు కావాలి.

నమ్మకం కుదరకపోతే నోట్‌ప్యాడ్ తెరిచి 'తెలుగు' అని ఒక్క మాట టైపు చేయండి. చివర ఎంటర్ కొట్టకుండా యూటీఎఫ్-8లో సేవ్ చేసి, ఆ ఫైలు ప్రాపర్టీస్‌లో సైజు చూడండి. 18 బైట్లు అని ఉంటుంది. త, దానికి ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము: మొత్తం ఆరు సంకేతాలు, ఒక్కోదానికి మూడు బైట్లు.

ఈ లెక్క తెలిసినవాళ్లకు డీటీపీ సెంటర్లలో తరచూ ఎదురయ్యే ఒక చిక్కు కూడా ఇట్టే అర్థమవుతుంది. అను ఫాంట్లలో కొట్టిన పాత పెళ్లిపత్రిక ఫైలును ఆ ఫాంట్లు లేని సిస్టంలో తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లిషు అక్షరాలు, పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. ఫైలు పాడైపోయిందని బెంబేలెత్తిపోతారు. నిజానికి అందులో ఒక్క బైట్ కూడా చెడిపోలేదు. ఆ ఫైల్లో మొదటి నుంచీ ఉన్నవి రోమన్ అక్షరాల నంబర్లే. వాటి మీద తెలుగు ఆకారాలు గీసి చూపించే పని ఫాంటుది. ఫాంటు ఎక్కించగానే తెలుగు తిరిగొస్తుంది.

లోపల దాచిన సమాచారం వేరు, తెర మీద కనిపించే రూపం వేరు. ఐటీలో మొదటి సర్టిఫికెట్ కోసం చదివేవాళ్లు ముందు పట్టుకోవాల్సిన సంగతి ఇదే. ఇలాంటి తొలి పరీక్షలు మనకు కొన్ని ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ సంస్థ నీలిట్ నిర్వహించే సీసీసీ 80 గంటల కోర్సు. పరీక్షలో 90 నిమిషాల్లో 100 ప్రశ్నలు. అంతర్జాతీయంగా కాంప్‌టియా సంస్థ ఇంతకుముందు ఐటీఎఫ్ ప్లస్ అనే పరీక్ష పెట్టేది, 2024లో దాన్ని టెక్ ప్లస్‌గా మార్చింది. దాని పైమెట్టు ఏ ప్లస్. హెల్ప్‌డెస్క్, డెస్క్‌టాప్ సపోర్టు ఉద్యోగాలకు పనికొచ్చేది అది, అందులో రెండు పరీక్షలు రాయాలి. సీసీసీలో వర్డ్ ప్రాసెసింగ్, స్ప్రెడ్‌షీట్, ఈ-మెయిల్, డిజిటల్ చెల్లింపుల వంటి రోజువారీ పనులు ఎక్కువ. కాంప్‌టియా పరీక్షల్లో యంత్రం లోపలి సంగతులు, మరమ్మతు పద్ధతి ఎక్కువ. దేనికి చదివినా పునాది మాత్రం ఒకటే.

చాలామంది తడబడేది కొలతల దగ్గర. 1 టీబీ హార్డ్ డిస్కు కొని తగిలిస్తే విండోస్ 931 జీబీ అనే చూపిస్తుంది. షాపువాడు మోసం చేశాడని గొడవకు దిగేవాళ్లున్నారు. మోసం లేదు. తయారీదారు లెక్కలో ఒక జీబీ అంటే 100 కోట్ల బైట్లు. విండోస్ లెక్కలో 1024ను మూడుసార్లు గుణించాలి, అంటే 107 కోట్ల పైచిలుకు. డిస్కులో ఉన్న బైట్లు అవే, కొలిచే గిన్నె పెద్దది. అందుకే 64 జీబీ పెన్‌డ్రైవ్ కూడా 60 లోపే కనిపిస్తుంది. ఇంటర్నెట్ వేగంలో మరో మెలిక ఉంది. 100 ఎంబీపీఎస్ ప్లానులోని 'బీ' బిట్లకు గుర్తు, బైట్లకు కాదు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైట్. కాబట్టి ఆ ప్లానులో సెకనుకు దిగేది అత్యధికంగా 12.5 మెగాబైట్లు. 1 జీబీ సినిమాకి 80 సెకన్లు పడుతుంది. అంతకన్నా తొందరగా రావట్లేదని కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి లాభం లేదు.

ఇక మెమరీ. మొబైల్ షాపులో '8, 128' అని అమ్ముతారు. మొదటిది ర్యామ్, రెండోది స్టోరేజీ. జనం రెండింటినీ మెమరీ అనే అంటారు, పరీక్షలో మార్కులు పోయేదీ అక్కడే. ర్యామ్‌లో ఉన్నది కరెంటు ఉన్నంతసేపే నిలుస్తుంది. గంటసేపు టైపు చేసింది కరెంటు పోగానే మాయమైందంటే అప్పటిదాకా అది ర్యామ్‌లోనే ఉందన్నమాట. సేవ్ చేయడమంటే దాన్ని డిస్కులోకి కాపీ చేయడం.

నెట్‌వర్క్ దగ్గర కాస్త ఆగుదాం. ఎవరైనా పని నేర్చుకున్నారో, మాటలే బట్టీ పట్టారో ఇక్కడ తేలిపోతుంది.

ఆఫీసులో ఒక సిస్టంకి నెట్ రావట్లేదు. బట్టీ పట్టినవాళ్లు ముందు రీస్టార్ట్ చేస్తారు, తర్వాత విండోస్ మళ్లీ ఎక్కిద్దామంటారు. పని తెలిసినవాళ్లు మొదట కేబుల్ బిగుతుగా ఉందో లేదో, పోర్టు దగ్గర చిన్న లైటు వెలుగుతోందో లేదో చూస్తారు. తర్వాత కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ అని కొడతారు. ఆ సిస్టం ఐపీ అడ్రస్ 169.254తో మొదలైందనుకోండి, సగం కథ అక్కడే తెలిసిపోయినట్టు. మామూలుగా ప్రతి సిస్టంకీ అడ్రస్ ఇచ్చేది డీహెచ్‌సీపీ అనే సేవ. ఇళ్లలో ఆ పని రూటరే చేస్తుంది. సిస్టం అడ్రస్ కోసం అడిగింది, అటునుంచి జవాబు రాలేదు, చివరికి తనకు తానే 169.254 వరసలో ఒకటి పెట్టుకుంది. అంటే సిస్టంకీ రూటర్‌కీ మధ్య ఎక్కడో దారి తెగింది, లేదా అడ్రస్‌లు ఇచ్చే సేవ ఆగిపోయింది. ఇప్పుడు బ్రౌజర్‌ని ఎన్నిసార్లు మూసి తెరిచినా ప్రయోజనం ఉండదు.

అడ్రస్ 192.168తో మొదలై సరిగ్గానే ఉందనుకుందాం. అప్పుడు పింగ్ 8.8.8.8 అని కొట్టాలి. అది గూగుల్ నడిపే ఒక సర్వర్ అడ్రస్. అక్కడినుంచి జవాబు వస్తోంది, వెబ్‌సైట్లు మాత్రం పేరు కొడితే తెరుచుకోవట్లేదు. అంటే బయటికి దారి ఉంది, పేరును అడ్రస్‌గా మార్చే డీఎన్ఎస్ దగ్గరే తేడా వచ్చింది. రెండు కమాండ్లతో నాలుగైదు అనుమానాలు తీరిపోయాయి. ఒక్క స్క్రూ కూడా విప్పలేదు.

ఏ ప్లస్ సిలబస్‌లో ఈ తీరుకి ఆరు మెట్లు రాసిపెట్టారు. సమస్య ఏమిటో అడిగి తెలుసుకోవడం, కారణం ఊహించడం, ఊహను పరీక్షించడం, ఏం చేయాలో నిర్ణయించి చేయడం, అంతా సరిగ్గా నడుస్తోందో లేదో చూసుకోవడం, చివరగా జరిగింది రాసి పెట్టుకోవడం. మొదటి మెట్టులో అడగాల్సిన మంచి ప్రశ్న 'ఈమధ్య ఏమైనా మార్చారా?' అన్నది. కొత్త ప్రింటర్ పెట్టామనో, నిన్న ఏదో అప్‌డేట్ వచ్చిందనో జవాబు వస్తే సగం పని తప్పుతుంది. ఒకేసారి నాలుగు మార్పులు చేస్తే సమస్య పోయినా ఏ మార్పుతో పోయిందో తెలియదు. ఆరో మెట్టును అందరూ దాటేస్తారు. నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది అదే, ఎందుకంటే అదే సమస్య ఆరు నెలల తర్వాత ఇంకొకరి చేతికి వస్తుంది.

భద్రత గురించి ఒక్క మాట. కొన్ని బ్రౌజర్లలో కనిపించే తాళం గుర్తుకు అర్థం మీకూ ఆ సైటుకూ మధ్య సమాచారం సంకేతీకరించి వెళ్తోందని మాత్రమే. ఆ సైటు నడిపేవాడు మంచివాడని దానికి అర్థం కాదు. దొంగ బ్యాంకు సైటుకూ ఆ తాళం ఉండొచ్చు. ఈ తేడా తెలియక డబ్బు పోగొట్టుకున్నవాళ్లు చదువుకున్నవాళ్లలోనూ ఉన్నారు. పరీక్ష మాట పక్కన పెట్టినా ఇది ప్రతి ఇంట్లో తెలియాలి.

పరీక్షకు తయారయ్యే తీరు గురించి నాకున్న అభిప్రాయం గట్టిది. సోషల్ మీడియా గ్రూపుల్లో 'డంప్స్' పేరుతో పాత ప్రశ్నలూ జవాబులూ తిరుగుతుంటాయి. వాటిని ముట్టుకోకండి. వాటిని వాడినట్టు తేలితే సర్టిఫికెట్ రద్దు చేసే అధికారం కాంప్‌టియాకి ఉంది. అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటుంది. ఇంటర్వ్యూలో ఎవరైనా నెట్ రాని సిస్టం ముందు కూర్చోబెడితే డంప్స్ ఒక్క అడుగు కూడా ముందుకు వేయించవు. పాత సిస్టం ఒకటి సంపాదించండి. ప్లగ్ పీకేసి మూత తీయండి, ర్యామ్ విప్పి మళ్లీ బిగించండి, ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించి చూడండి. ఇంట్లో అనుమతి తీసుకుని రూటర్ సెట్టింగుల్లో డీహెచ్‌సీపీ ఆపి, సిస్టంలో ఐపీకాన్ఫిగ్ /release, తర్వాత ఐపీకాన్ఫిగ్ /renew అని కొట్టి, ఆ 169.254ని మీ కళ్లతో చూసి, అప్పటికే అడ్రస్ ఉన్న ఇంకో సిస్టం నుంచి డీహెచ్‌సీపీని మళ్లీ ఆన్ చేయండి. ఒక్కసారి చూస్తే ఇక మరిచిపోరు.

తెలుగు మీడియంలో చదివిన పిల్లలు ఇంగ్లిషు చూసి వెనక్కి తగ్గుతారు. తగ్గాల్సిన అవసరం లేదు. ర్యామ్, రూటర్, డీఎన్ఎస్ లాంటి మాటలు ఎలాగూ అలాగే వాడతాం. వాటి మధ్య సంబంధం ముందు తెలుగులో అర్థం చేసుకోండి, తర్వాత ప్రశ్నలు ఇంగ్లిషులో చదవడం అలవాటు చేసుకోండి. వరస తిరగబడితే రెండూ కష్టమవుతాయి.

సీసీసీ రాయడానికి ఫలానా చదువు ఉండాలన్న నిబంధన లేదు. ఏ సంస్థలోనూ చేరకుండా సొంతంగా చదువుకుని కూడా రాయొచ్చు. మీ ఇంట్లోనో వీధిలోనో చదువు మధ్యలో ఆపేసిన అక్కో తమ్ముడో ఉంటే ఈ సంగతి వాళ్ల చెవిన వేయండి.