చిన్న వ్యాపారం ఆన్‌లైన్‌లో కనిపించేదెలా?

మార్కెటింగ్ మిశ్రమంలోని వస్తువు, ధర, పంపిణీ, ప్రోత్సాహం అనే నాలుగు అంశాల గురించి మీరు ఇంతకు ముందు చదివారు. అక్కడి ఉదాహరణలు ఎక్కువగా పెద్ద కంపెనీల చుట్టూ, టీవీ ప్రకటనల చుట్టూ తిరుగుతాయి. ఇద్దరు ముగ్గురు కలిసి నడిపే వ్యాపారానికి అవి అంతగా అతకవు. పెద్ద కంపెనీ తన పేరు ఎన్నడూ వినని వారిని చేరాలని ఖర్చు పెడుతుంది. చిన్న వ్యాపారి ముందుగా చేరవలసింది, అలాంటి వస్తువు కోసం ఇప్పటికే వెతుకుతున్న వారిని. ఈ తేడా గుర్తుంటే ఏ పని ముందు చేయాలో, ఏ ఖర్చు తరువాత పెట్టాలో తేలుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కోనసీమ జిల్లాలోని ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ ఊళ్ళో బోర్లించిన కుండ మీద రేకులు తీసి, నెయ్యి రాసి, బెల్లం పొడి చల్లి చుట్టి అమ్మే ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. సరుకు మంచిదే. కానీ పొరుగు జిల్లా నుంచి కారులో వచ్చే మనిషి ఫోనులో వెతికితే వీరి పేరు కనిపించదు.

వెతికేవారి మాట

ఆ మనిషి ఫోనులో ఏమని టైపు చేస్తాడు? కొందరు తెలుగులోనే పూతరేకులు అని రాస్తారు. చాలామంది ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు. ఒకరు ‘పూ’కు రెండు ఓలు పెడితే మరొకరు యు పెడతారు. ఇతర రాష్ట్రాలవారు పేపర్ స్వీట్ అని వెతకవచ్చు. కాబట్టి వ్యాపార వివరణలోనూ, వస్తువుల జాబితాలోనూ ఈ మాటలన్నీ మామూలు వాక్యాల్లో వచ్చేలా చూడండి. వ్యాపారం పేరు దగ్గర మాత్రం ఈ పని చేయవద్దు. గూగుల్ నియమాల ప్రకారం, అంగడి బోర్డు మీద ఏ పేరు ఉందో అదే ఉండాలి. పేరుకు ‘నంబర్ వన్ నేతి పూతరేకులు’ అని తోకలు తగిలిస్తే ఖాతా నిలిపివేతకు గురికావచ్చు.

మ్యాప్‌లో చోటు

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ అనేది ఉచిత సదుపాయం. 2021 చివరి వరకు దీనిని గూగుల్ మై బిజినెస్ అనేవారు. స్థానిక ఫలితాల్లో ఎవరు ముందు కనిపించాలన్నది మూడు విషయాలను బట్టి ఉంటుందని గూగుల్ చెబుతుంది: వెతికిన మాటకు మీ వ్యాపారం ఎంత సరిపోతుంది, వెతికిన చోటికి ఎంత దూరంలో ఉంది, నలుగురిలో ఎంత పేరుంది. దూరాన్ని మీరు మార్చలేరు. పేరు నెమ్మదిగా వస్తుంది. మొదటిది మాత్రం చాలావరకు మీ చేతిలోనే ఉంది. సరైన వర్గం ఎంచుకోవడం, పనివేళలు నిజంగా రాయడం, పండుగ రోజుల వేళలు మార్చడం, మ్యాప్‌లో పిన్ సరిగ్గా పెట్టడం ఒక పూట పని. కాలువ గట్ల ఊళ్ళలో పిన్ అవతలి గట్టున పడిందంటే, వంతెన దాకా వెళ్ళి తిరిగి రావలసిన మనిషి పక్క అంగట్లోనే కొనుక్కుంటాడు.

ఈ ఫలితాల్లో పై స్థానాన్ని డబ్బిచ్చి కొనలేరు. “గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, రుసుము కడితే మొదటి వరుసలో పెడతాం” అని ఫోన్ వస్తే నిరభ్యంతరంగా పెట్టేయండి. ఇంట్లోనే తయారు చేసి, కొనేవారి దగ్గరికే స్వయంగా సరుకు చేర్చేవారు, ముఖ్యంగా ఒంటరిగా పనిచేసే మహిళలు, ఇంటి చిరునామాను దాచి, సరుకు అందించే ప్రాంతాన్ని మాత్రమే చూపించవచ్చు. ఈ వెసులుబాటు చాలామందికి తెలియదు.

అభిప్రాయాల విషయంలో తొందరపడే వ్యాపారులే ఎక్కువ. బంధువుల చేత అయిదు నక్షత్రాలు వేయించడం, రాసినవారికి తగ్గింపు ఇవ్వడం గూగుల్ విధానానికి విరుద్ధం. భారతీయ ప్రమాణాల సంస్థ కూడా ఆన్‌లైన్ అభిప్రాయాల కోసం 2022లో ఐ.ఎస్. 19000 అనే ప్రమాణాన్ని తెచ్చింది. “రేకులన్నీ ముక్కలై వచ్చాయి” అని ఎవరైనా రాస్తే వాదనకు దిగకుండా, ప్యాకింగులో ఏమి మార్చారో రెండు వాక్యాల్లో జవాబివ్వండి. నిజానికి ఆ జవాబు చదివేది ఫిర్యాదు చేసినవారికంటే కొత్తగా కొనబోయేవారే.

అద్దె ఇల్లు

2020 జూన్ చివర టిక్‌టాక్‌ను మన దేశంలో నిషేధించినప్పుడు, దానిమీదే ఆధారపడినవారు తమ వీక్షకులందరినీ ఒక్కసారిగా కోల్పోయారు. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ దాదాపు ఆరు గంటలు ఆగిపోయాయి. బిజినెస్ ప్రొఫైల్‌తో పాటు గూగుల్ ఇచ్చిన ఉచిత వెబ్‌సైట్లు 2024 మార్చిలో మూతపడ్డాయి. ఇవన్నీ అద్దె ఇళ్ళే. వాడుకోవాలి, కానీ వ్యాపారమంతా అక్కడే పెట్టకూడదు.

మీ సొంతమైనది కొనుగోలుదారుల జాబితా. పేరు, ఊరు, ఏమి కొన్నారు, ఎప్పుడు కొన్నారు అన్నవి ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. నంబరు తీసుకునేటప్పుడు “పండుగలకు కబురు పంపవచ్చా?” అని అడిగి తీసుకోండి. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితా ద్వారా పంపే సందేశం, మీ నంబరును తమ ఫోనులో సేవ్ చేసుకున్నవారికి మాత్రమే చేరుతుంది. అందుకే డబ్బా మీద మీ నంబరు పెద్ద అక్షరాల్లో ఉండాలి. పక్కనే ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల సంఖ్య కూడా ఉండాలి. మిమ్మల్ని చూడకుండా కొనేవారికి అది ఒక భరోసా. జి.ఐ. చిహ్నం వేయాలంటే మాత్రం అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. ఇక, రోజూ శుభోదయం సందేశాలు పంపేవారిని జనం బ్లాక్ చేస్తారు. సంక్రాంతికి పది రోజుల ముందు ఒక్కటి చాలు.

ప్రకటన లెక్క

పైవన్నీ కుదిరాకే డబ్బు పెట్టే ప్రకటనల గురించి ఆలోచించండి. రూ. 2,000 ప్రకటనతో 10 మంది కొత్తవారు కొన్నారనుకుందాం. ఒక్కొక్కరికి అయిన ఖర్చు రూ. 200. డబ్బాకు మిగిలేది రూ. 60 అయితే, ఒక్కసారి కొని ఊరుకున్న ప్రతి మనిషి మీదా రూ. 140 నష్టం. ఆ మనిషి నాలుగోసారి కొన్నప్పుడే లాభం మొదలవుతుంది. కొత్తగా కొన్న ప్రతివారినీ “మా సంగతి ఎలా తెలిసింది?” అని అడిగి నోటుపుస్తకంలో రాసుకోకపోతే ఈ లెక్క కట్టడమే సాధ్యం కాదు.

అభ్యాసం: మీ ఊళ్ళో ఒక చిన్న దుకాణాన్ని ఎంచుకోండి. బయటి ఊరివారు దానికోసం వెతికే మూడు మాటలు రాసి, ఒక్కొక్కదానితో ఫోనులో వెతకండి. దుకాణం కనిపించిందా? పిన్, వేళలు, నంబరు సరిగ్గా ఉన్నాయా? మీరు చూసినది యజమానికి చెప్పి, ఆయన జవాబును ఒక పేజీలో రాయండి.