డిస్క్‌లో పదేపదే ఎర్రర్లు వస్తుంటే: ముందు కాపీ, తర్వాతే రిపేర్

రేపు క్లాసు అనగా రాత్రి వర్క్‌షీట్లు ప్రింట్ చేద్దామని కంప్యూటర్ ఆన్ చేస్తాం. నల్లటి తెర మీద "స్కానింగ్ అండ్ రిపేరింగ్ డ్రైవ్" అని వస్తుంది. కాసేపటికి అంతా మామూలుగానే తెరుచుకుంటుంది, మనం ప్రింట్లు తీసుకుని పడుకుంటాం. పది రోజుల తర్వాత మళ్ళీ అదే మెసేజ్. ఒక్కసారి వస్తే కరెంటు పోయిందనో, ల్యాప్‌టాప్ బ్యాటరీ అయిపోయిందనో అనుకోవచ్చు. రెండోసారి, మూడోసారి వస్తే మాత్రం దాని వెనక వేరే కారణం ఉన్నట్టే.

మన బడికి సొంత ఆఫీసు లేదు. బడి ఫైళ్ళన్నీ టీచర్ల ఇళ్ళలోని కంప్యూటర్లలోనే ఉన్నాయి. వర్క్‌షీట్ పోతే మళ్ళీ టైప్ చేసుకోవచ్చు. కానీ రెండేళ్ళ కిందట "ళ" పలకలేక తడబడిన పాప చదివిన పాఠం, అమ్మమ్మ ఫోన్‌లో చెప్పిన కథను ఒక బాబు రికార్డు చేసి తెచ్చిన హోంవర్కు పోతే మళ్ళీ తేలేం. అందుకే ఈ వ్యాసంలో చెప్పేది ముఖ్యంగా ఒకటే: ఎర్రర్ పదేపదే వస్తుంటే ముందు కాపీ తీయండి, తర్వాత కారణం వెతకండి, రిపేర్ చివర్లో చేయండి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు.

చెక్‌డిస్క్ ఏం చేస్తుంది?

డిస్క్‌లో ఫైళ్ళు ఉంటాయి, ఏ ఫైల్ ఎక్కడుందో చెప్పే పట్టిక కూడా ఉంటుంది. ఆ పట్టికను, దాన్ని నడిపే పద్ధతిని కలిపి ఫైల్ సిస్టమ్ అంటాం. మన హాజరుపట్టీ లాంటిదే అన్నమాట. పట్టీలో పేరు చెరిగిపోయినంత మాత్రాన పిల్లవాడు క్లాసులో లేనట్టు కాదు.

విండోస్ కంప్యూటర్ లోపలి డిస్క్‌లో సాధారణంగా ఉండేది ఎన్‌టీఎఫ్ఎస్. పట్టికలో మార్పు చేసే ముందు ఏం చేయబోతోందో అది ఒక చిట్టాలో రాసుకుంటుంది. మధ్యలో కరెంటు పోయినా ఆ చిట్టా చూసుకుని పట్టికను సర్దుకోగలదు. పెన్ డ్రైవ్‌లలో ఎక్కువగా ఉండే ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్‌లకు అలాంటి చిట్టా లేదు. కాపీ అవుతుండగా పెన్ డ్రైవ్ లాగేస్తే అవి తొందరగా చెడిపోవడానికి కారణం ఇదే.

చెక్‌డిస్క్ ఈ పట్టికను సరిచేసే పనిముట్టు. దానికి కావలసింది లెక్క కుదరడం, మీ ఫైల్ బతకడం కాదు. లెక్కకు రాని ఎంట్రీని కొట్టేయగలదు. ఏ ఫైల్‌వో తెలియని ముక్కలను "ఫౌండ్" అనే పేరుతో మొదలయ్యే ఫోల్డర్‌లో, అసలు పేర్లు లేకుండా పడేస్తుంది. ఆ ఫోల్డర్ మామూలుగా కనిపించదు కూడా. ఏ ముక్క ఎవరి రికార్డింగో తర్వాత మనమే విని పోల్చుకోవాలి.

ఇంకో ప్రమాదం ఉంది. చెక్‌డిస్క్‌కి "స్లాష్ ఎఫ్" తగిలిస్తే పట్టికను మాత్రమే సరిచేస్తుంది. "స్లాష్ ఆర్" తగిలిస్తే చెడ్డ చోట్ల కోసం డిస్క్ మొత్తాన్నీ చదువుతుంది. పెద్ద డిస్క్‌కి గంటలు పడుతుంది. చావుకి దగ్గరపడ్డ డిస్క్‌ని అన్ని గంటలు పరిగెత్తిస్తే మిగిలిన ప్రాణం అందులోనే పోవచ్చు.

మొదటి పని: కాపీ

వేరే డిస్క్ తెచ్చుకోండి. అదే డిస్క్‌లో ఇంకో ఫోల్డర్‌లోకి కాపీ చేస్తే లాభం లేదు. మళ్ళీ సంపాదించలేనివి ముందు తీయండి: పిల్లల రికార్డింగులు, ఫొటోలు, మార్కుల పట్టికలు. పాఠాలు, ప్రింట్లు ఆ తర్వాత. మొత్తం ఒకేసారి లాగకుండా ఒక్కో ఫోల్డర్ కాపీ చేయండి. ఏదైనా ఫైల్ దగ్గర ఆగిపోతే దాన్ని వదిలేసి ముందుకి వెళ్ళండి, దాని సంగతి చివర్లో చూసుకోవచ్చు. ఈలోగా ఆ డిస్క్ మీద కొత్త సాఫ్ట్‌వేర్ ఏదీ ఎక్కించకండి.

కాపీ అయ్యాక నాలుగైదు రికార్డింగులు చివరిదాకా విని చూడండి. పేరు కనిపించినంత మాత్రాన ఫైల్ బాగున్నట్టు కాదు.

డిస్క్ లోంచి టక్ టక్ మని చప్పుడు వస్తుంటే ఇవేవీ చేయకండి. వెంటనే ఆపేయండి. అందులో నిజంగా విలువైనవి ఉంటే, అది డేటా రికవరీ చేసేవాళ్ళ పని.

రెండో పని: తప్పు ఎక్కడుందో చూడడం

డిస్క్: చాలా డిస్కులు తమ ఆరోగ్యం లెక్కను తామే రాసుకుంటాయి. దాన్ని స్మార్ట్ అంటారు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో చూడవచ్చు. "రీఅలొకేటెడ్ సెక్టర్స్", "కరెంట్ పెండింగ్ సెక్టర్" అన్న వరసల్లో అంకె వారం వారం పెరుగుతుంటే కొత్త డిస్క్ కొనాల్సిందే. పైన "గుడ్" అని ఉన్నా పూర్తిగా నమ్మకండి. ఎస్ఎస్‌డీలు చప్పుడు చేయవు, కొన్ని ఏ సూచనా లేకుండానే ఆగిపోతాయి.

కేబుల్: అదే లెక్కలో "సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్" పెరుగుతుంటే డిస్క్ కంటే ముందు కేబుల్‌ని అనుమానించండి. డెస్క్‌టాప్ అయితే డేటా కేబుల్ మార్చి చూడండి. ఈ అంకె వెనక్కి తగ్గదు. మార్చాక ఇంకా పెరుగుతోందా, ఆగిందా అన్నదే చూడాలి. బయట తగిలించే డిస్క్ అయితే హబ్ తీసేసి నేరుగా కంప్యూటర్‌కే పెట్టండి. కరెంటు సరిగ్గా అందక కూడా ఎర్రర్లు వస్తాయి.

మెమరీ: ఇది చాలామందికి తట్టదు. డిస్క్ మీద రాసే ప్రతిదీ ముందు ర్యామ్‌లోంచే వెళ్తుంది. ర్యామ్ చెడితే మంచి డిస్క్ మీద కూడా తప్పులే రాస్తుంది. డిస్క్ మార్చినా ఎర్రర్లు ఆగకపోతే విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ నడపండి. ఒక్క తప్పు కనిపించినా ర్యామ్ సంగతి తేలేవరకు ఆ కంప్యూటర్‌లో కొత్తగా ఏమీ సేవ్ చేయకండి.

ఈవెంట్ వ్యూయర్‌లో "సిస్టమ్" లాగ్ తెరిస్తే ఇంకొన్ని ఆనవాళ్ళు దొరుకుతాయి. "డిస్క్" పేరుతో 7 నంబర్ ఉంటే డిస్క్‌లో చెడ్డ చోటు తగిలిందని అర్థం. 153 ఉంటే అడిగిన పని ఒకసారికి కాక మళ్ళీ ప్రయత్నించాల్సి వచ్చిందని. "ఎన్‌టీఎఫ్ఎస్" పేరుతో 55 ఉంటే పట్టిక పాడైందని. ఏ తేదీన వచ్చాయో కాగితం మీద రాసుకోండి. పదేపదే వచ్చే జబ్బుకి తేదీలే సగం మందు.

మూడో పని: ఇప్పుడు రిపేర్

కారణం తీసేశాకే రిపేర్‌కి అర్థం ఉంటుంది. డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, టూల్స్, ఎర్రర్ చెకింగ్‌కి వెళ్ళండి. వారం తర్వాత మళ్ళీ చెక్ చేయండి. రెండోసారి శుభ్రంగా వస్తేనే బాగైనట్టు. మ్యాక్ వాడేవాళ్ళకి డిస్క్ యుటిలిటీలో ఫస్ట్ ఎయిడ్ ఉంటుంది. అక్కడా ఇదే వరస పాటించండి.

డిస్క్‌ని బయటికి తీసే ముందు, లేదా ఎవరికైనా చూపించే ముందు, బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే 48 అంకెల రికవరీ కీ రాసిపెట్టుకోండి. అది లేకపోతే డిస్క్ బాగున్నా ఫైళ్ళు తెరుచుకోవు.

బడి ఫైళ్ళకి మన పద్ధతి

ప్రతి రికార్డింగుకి మూడు కాపీలు ఉండాలి. అవి కనీసం రెండు రకాల చోట్ల ఉండాలి, వాటిలో ఒకటి మీ ఇంటి బయట ఉండాలి. క్లౌడ్‌తో సింక్ అవుతోంది కదా, బ్యాకప్ ఎందుకు అనుకోవద్దు. ఇక్కడ చెరిపేసింది అక్కడా చెరిగిపోతుంది, ఇక్కడ పాడైనది అక్కడి మంచి కాపీ మీదికి వెళ్ళిపోవచ్చు. ఏడాదికి రెండుసార్లు, టర్మ్ మొదట్లో, కాపీ లోంచి ఒక ఫైల్ తీసి తెరిచి చూడండి.

ఈ గొంతులు పిల్లలవి, తల్లిదండ్రులు మనల్ని నమ్మి ఇచ్చినవి. అందుకని పాత డిస్క్‌ని అలాగే చెత్తలో వేయకండి, ఎవరికీ ఇచ్చేయకండి. పనిచేస్తుంటే పూర్తిగా తుడిచేయండి, పనిచేయకపోతే పగలగొట్టించండి. డిస్క్ మార్చిన రోజే మీ కోఆర్డినేటర్‌కి ఏ క్లాసు ఫైళ్ళు దక్కాయో, ఏవి పోయాయో రాసి పంపండి. పోయిన రికార్డింగు ఇంకో టీచర్ దగ్గరో, ఆ పిల్లల ఇంట్లోనో ఉండే అవకాశం ఉంది. ఎంత త్వరగా అడిగితే అంత మంచిది.