డిష్ ఆగ్నేయం వైపే ఎందుకు చూస్తుంది?

హైదరాబాద్‌లో డాబాల మీదున్న డీడీ ఫ్రీ డిష్ గొడుగులను గమనించండి. అన్నీ ఆగ్నేయ మూలకే తిరిగి ఉంటాయి. వాటికి ప్రసారాలు పంపే జీశాట్‌-15 ఉపగ్రహం భూమధ్యరేఖకు పైన, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉంది. మనం ఆ చోటుకు ఉత్తరాన, పడమరన ఉన్నాం కదా! భూమి ఒక చుట్టు తిరిగేసరికి అదీ ఒక చుట్టు తిరుగుతుంది. అందుకే మన ఆకాశంలో ఒకేచోట నిలిచినట్టు ఉంటుంది.

ఇంకో వింత. హైదరాబాద్ నుంచి ఆ ఉపగ్రహం దాదాపు 63 డిగ్రీల ఎత్తున ఉంటుంది. డిష్ మాత్రం అంతకన్నా కిందికే చూస్తున్నట్టు కనబడుతుంది. దాని వంపును అలా తయారుచేస్తారు: పైనుంచి వచ్చిన తరంగాలు పళ్లేనికి తగిలి, ముందు కడ్డీకున్న, సిగ్నల్‌ను అందుకునే ఎల్‌ఎన్‌బీ మీద పోగవుతాయి.

మరి గురి కుదిరేదెలా? ముందు స్తంభం నిట్టనిలువుగా ఉండాలి. అది ఒరిగితే ఎంత తిప్పినా శ్రమ వృథా. ఎదుట చెట్టుకొమ్మ అడ్డుండకూడదు. ఆపై డిష్‌ను వెంట్రుకవాసి చొప్పున కదిపి, ప్రతిసారీ కొన్ని క్షణాలు ఆగాలి. సెట్‌టాప్ బాక్సు సిగ్నల్‌ను పోల్చుకోవడానికి ఆ వ్యవధి కావాలి. ఒక్క డిగ్రీ తప్పితే అంత దూరాన గురి 600 కిలోమీటర్లకు పైగా పక్కకు పోతుంది!

తెరమీద ‘స్ట్రెంగ్త్‌’ కన్నా ‘క్వాలిటీ’ గీతనే నమ్మండి. పక్క ఉపగ్రహం తగిలినా స్ట్రెంగ్త్ పెరగవచ్చు. క్వాలిటీ బాగా పెరిగిన చోట నట్లు బిగించాలి. బొమ్మ రాగానే ఆపేయకండి, ఇంకాస్త వెతకండి. వానచినుకులు తరంగాలను మింగేస్తాయి. ఇలా వెతికి సాధించిన మిగులు బలమే జోరువానలో బొమ్మను నిలుపుతుంది.