గులకరాళ్ళకు నునుపు - ఏ పొడి, ఎప్పుడు?



మా అనంతపురం జిల్లాలో తొలకరి పడగానే అందరూ ఆకాశంకేసి చూస్తే కొందరు మాత్రం నేలకేసి చూస్తారు. వజ్రకరూరు పేరు మీరు వినే వుంటారు. అక్కడ భూమిలో కింబర్లైట్ అనే రాయి గొట్టాలుగా వుంది. నూరు కోట్ల ఏళ్ళకు పూర్వం భూగర్భం లోతుల్లోంచి తన్నుకు వస్తూ ఆ రాయి వజ్రాలను కూడా మోసుకొచ్చింది. వానకు ఎర్రమట్టి కొట్టుకుపోతే రాళ్ళు బయటపడతాయి. అక్కడా, కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి పొలాల్లోనూ తొలి వానలకు జనం చెట్ల కింద మకాం పెట్టి వంచిన నడుం ఎత్తకుండా వెతుకుతారు.

మా ఇంట్లో పనిచేసే ఆవిడ పోయిన ఏడు పదిరోజులు పని మానుకుని అలాగే వెళ్ళింది. కూలి పోయింది, బస్సు ఛార్జీలకు అప్పయింది. కొంగున పదిహేడు రాళ్ళు ముడివేసుకుని వచ్చింది. "సూడుక్కా, అద్దం మీద గీస్తే గీత పడతాది. వజ్రం కాదంటావా?" అంది.

అద్దం మీద గీత పడటం ఒక రుజువు కాదండీ. రాళ్ళ గట్టిదనానికి మోస్ అనే ఆయన 1812లో ఒకటి నుంచి పది దాకా మెట్లు కట్టాడు. అద్దం అయిదున్నర దగ్గర వుంటుంది. మన పొలాల్లో దొరికే మామూలు పలుగురాయి ఏడు. అదీ అద్దాన్ని గీస్తుంది. వజ్రం పది. ఇంకొందరు సుత్తితో కొట్టి చూస్తారు, పగలకపోతే వజ్రమని. అది మరీ అన్యాయం. వజ్రం గట్టిదే గాని పెళుసు. దెబ్బకు చీలుతుంది.

మా పెద్దవాడు బెంగుళూరు నుంచి రాళ్ళను నునుపు చేసే చిన్న యంత్రం ఒకటి తెచ్చిపెట్టి వున్నాడు. అందులో వేద్దామన్నాను. ఈ యంత్రం గిర్రున తిరిగే పీపా కాదు. గిన్నె కింద మోటారు వుండి గిన్నెను గడగడలాడిస్తుంది. పీపాలో రాళ్ళు దొర్లి దొర్లి గుండ్రబడతాయి, ఒక్కొక్క దశకు వారం పడుతుంది. వణికే గిన్నెలో ఆకారం పెద్దగా చెడదు, అంచులు మెత్తబడతాయి, పని రోజుల్లో అవుతుంది. నీళ్ళు కూడా గుక్కెడు చాలు. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల వాన పడే ఊళ్ళో వుంటున్న నాకు ఇది పెద్ద సంగతే.

రాయిని అరగదీసేది యంత్రం కాదు, అందులో వేసే పొడి. పొట్లం మీద 120, 220, 500 అని అంకెలుంటాయి. అంకె పెద్దదైతే పొడి గరుకనుకుని మొదట నేనూ పొరబడ్డాను. జల్లెడలో అంగుళానికి ఎన్ని కన్నాలో ఆ లెక్క అది. కన్నాలు ఎక్కువైతే పొడి మెత్తన. 60 నంబరు బొంబాయి రవ్వలా చేతికి తగులుతుంది, 220 గోధుమపిండి, 500 మైదా అనుకోండి. చివరి మెరుగు పొడి ముఖానికి రాసుకునే పౌడరు కంటె మెత్తన.

ఈ పొడి సిలికాన్ కార్బైడు. అమెరికాలో అచెసన్ అనే ఆయన కృత్రిమంగా వజ్రం చేద్దామని తంటాలు పడుతూ 1891లో దీన్ని కనుక్కున్నాడు. వజ్రం రాలేదు, ఇది వచ్చింది. కార్బోరండం అని పేరు పెట్టాడు. అందులో సగం మాట మన దక్షిణాదిదే. సాన పట్టడానికి వాడే కురువిందం రాయి, తమిళంలో కురుందం, ఇంగ్లీషులోకి వెళ్ళి కొరండం అయింది. ఆ రాయి మన జిల్లాలోనూ దొరికేది.

సరే, పని మాట. ముందు రాళ్ళను వేరు చేసుకోవాలి. పలుగురాయి జాతివన్నీ ఒక గిన్నె. తాడిపత్రి నల్లబండ ముక్కల వంటి సున్నపురాళ్ళు వేరే. వాటి గట్టిదనం మూడే. రెండూ కలిపితే పలుగురాయి నునుపెక్కేలోగా సున్నపురాయి బురదైపోతుంది. అనుమానం వుంటే మేకుతో గీసి, రాలిన పొడి మీద నిమ్మరసం పిండండి. బుడగలు వస్తే సున్నపురాయి. అన్నట్టు, ఇంట్లో నేలబండలకు చివర ఆగ్జాలిక్ యాసిడ్ వేసి మెరుగు పెడతారు చూడండి, అది సున్నపురాయికీ పాలరాయికీ పనిచేస్తుంది గాని పలుగురాయిని ఏమీ చేయదు. పైగా విషం. పిల్లలున్న ఇంట్లో దాచి వుంచవద్దు.

గిన్నె మూడువంతులకు పైగా నిండాలి. పెద్ద రాళ్ళ సందుల్లోకి చిన్నవి పడాలి. రెండు కిలోలకు పొడి రెండు మూడు చెంచాలు చాలు. నీళ్ళు రాళ్ళు తడిసేటంత. ఎక్కువైతే పొడి అడుక్కు జారి వృథా. అట్లపిండి జారులా వుండాలి, చిక్కబడితే పూటకు రెండు మూడుసార్లు కాసిని చిలకరించాలి. 220తో మూడు నాలుగు రోజులు. పొడి తనూ నలిగి పదును పోగొట్టుకుంటుంది గనుక మధ్యలో కొత్తది వెయ్యాలి. తర్వాత 500తో రెండు రోజులు, దొరికితే 1000తో ఇంకో రోజు. ఆ పైన మెరుగు.

ఒక్కో పొడి చేసే పని ఏమిటంటే, ముందటి పొడి పెట్టిన గీతల్ని చెరిపి తన చిన్న గీతల్ని పెట్టడం. మెట్టు దాటేశామంటే పెద్ద గీత చివరిదాకా వుండిపోతుంది, ఎంత ఖరీదైన మెరుగు పొడీ దాన్ని చెరపదు. రాయిని కడిగి, తుడిచి, బాగా ఆరాక చూడండి. తడిగా వున్నప్పుడు చూడకండి, తడి రాయి ప్రతీదీ మెరుస్తుంది.

మొదటిసారి నేను తొందరపడ్డాను. గిన్నె కడిగాను గాని మూత అంచున 220 పొడి కొంచెం అంటుకుని వుంది. దాంతోనే మెరుగు వేశాను. ఎనిమిది రోజుల కష్టం, రాళ్ళన్నీ మంచు పట్టిన అద్దాల్లా మసకగా వచ్చాయి. మళ్ళీ 500 నుంచి మొదలు. ఇప్పుడు రాళ్ళనూ గిన్నెనూ పాత పళ్ళు తోమే బ్రష్షుతో సందులన్నీ తోముతాను. పగుళ్ళున్న రాళ్ళను తీసి అవతల పెడతాను. వాటి సందుల్లో పొడి దాక్కుంటుంది.

మెరుగు పొడుల్లో తెల్లటి అల్యూమినియం ఆక్సైడు చవక, దాదాపు అన్ని రాళ్ళకూ పనికొస్తుంది. సీరియం ఆక్సైడు అద్దాలకు మెరుగు పెట్టేవాళ్ళు వాడేది. పలుగురాయికి బాగుంటుంది గాని ఖరీదు. కొత్తవాళ్ళు మొదటిదే కొనుక్కోండి, నా మాట వినండి. రెండూ ఒకే గిన్నెలో కలపవద్దు. చివర కొంచెం వెలిగారమూ సబ్బుపొడీ వేసి కొన్ని గంటలు ఆడిస్తే మిగిలిన పొర పోతుంది.

కడిగిన బురదను తూములో పొయ్యకండి, సిమెంటులా గట్టిపడి కూర్చుంటుంది. నేను రెండు బకెట్లు పెట్టుకుంటాను. బురద అడుక్కు దిగాక పైతేట నీళ్ళే మళ్ళీ వాడతాను. ఎండిన బురదను చీపురుతో వూడవవద్దు, తడిగుడ్డతో తుడవండి. రాతి దుమ్ము వూపిరితిత్తుల్లోకి పోతే సిలికోసిస్ అనే జబ్బు వస్తుంది. దాన్ని నయం చేసే మందు లేదు.

ఇక ఆ పదిహేడు రాళ్ళు. వెయ్యకముందే ఆవిడకు చెప్పాను. ఇందులో వజ్రమంటూ వుంటే ఈ పొడి దాన్ని అరగదియ్యలేదు, ఎలా వేసింది అలాగే వుండి తక్కినవాటిని గీసి పెడుతుంది, అలాంటిది ఒక్కటి కనిపించినా దాచి చూపిద్దామని. నాలుగోరోజు ఇద్దరం కూర్చుని కడిగాం. ఆవిడ ఒక్కొక్కటే కొంగుతో తుడిచి వెలుగుకు పట్టి చూసింది. పదిహేడింటి అంచులూ మెత్తబడ్డాయి.

"అన్నీ అరిగినాయాక్కా?" అంది. అరిగాయన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మొదలుపెట్టినాం గదా, మెరుగు కూడా పెట్టు" అంది.

పాలమీగడ రంగులో నాలుగు, తేనె రంగులో ఒకటి ముచ్చటగా వచ్చాయి. కూతురు ఆడుకుంటుందని వాటిని పట్టుకెళ్ళింది. తక్కినవి మా తులసికోటలో వున్నాయి. బస్సు ఛార్జీల అప్పు నెలనెలా తీర్చుకుంది.

ఈ ఏడు మొదటి వాన పడ్డ మర్నాడు మూడు రోజులు సెలవడిగింది. పది రోజులు మాత్రం వద్దని చెప్పి పంపాను. తొమ్మిది రాళ్ళు తెచ్చింది. ఈసారి నిమ్మకాయ తనే కోసింది. రెండు సున్నపురాళ్ళు పక్కన పెట్టాం. తక్కిన ఏడూ వరండాలో గడగడలాడుతున్నాయి, ఇవాళ్టికి రెండో రోజు.