మైనస్ 196 డిగ్రీల దగ్గర ఆగిన వయసు

గేదె ఎదకొచ్చిందని కబురు పెడితే, పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్ర మోటారుసైకిల్ మీద ఒక క్యాన్ కట్టుకుని వస్తాడు. మూత తీయగానే తెల్లటి పొగ. లోపల మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజని, అందులో మునిగిన సన్నటి గొట్టాల్లో మేలుజాతి దున్నపోతు వీర్యం. హైదరాబాద్‌లోని సంతాన సాఫల్య కేంద్రాల్లో అండాలను దాచేదీ ఆ ద్రవంలోనే. పశువుల కొట్టంలో ఏనాడో పాతబడ్డ పద్ధతి స్త్రీ అండం దాకా రావడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది.

కణానికి చలి కన్నా మంచుతోనే ఎక్కువ ప్రమాదం. లోపలి నీరు గడ్డకడితే పదునైన స్ఫటికాలు పొరలను చీల్చేస్తాయి. 1949లో లండన్ మిల్‌హిల్ పరిశోధనాలయంలో క్రిస్టఫర్ పోల్జ్, ఆడ్రీ స్మిత్, అలన్ పార్క్స్ కోడిపుంజు వీర్యంతో కుస్తీ పడుతున్నారు. పళ్ల చక్కెర ద్రావణమనుకుని వాడిన ఒక సీసా ఉన్నట్టుండి బ్రహ్మాండంగా పనిచేసింది. తీరా పరీక్షిస్తే అందులో ఉన్నది గ్లిజరిన్! చీటీ తారుమారైంది. గ్లిజరిన్ కణంలోకి చొరబడి స్ఫటికాలు పేరుకోకుండా అడ్డుకుంటుంది. 1953కల్లా అమెరికాలోని అయోవాలో షెర్మన్, బంజ్ అనే ఇద్దరు గడ్డకట్టించిన మానవ వీర్యంతో గర్భాలు నిలిచాయని ప్రకటించారు.

వీర్యకణం చిన్నది, నీరు తక్కువ. పైగా అవి కోట్ల సంఖ్యలో ఉంటాయి, సగం పోయినా మిగిలినవి చాలు.

అండం అలా కాదు. మిల్లీమీటరులో పదోవంతున్న అది మన ఒంట్లోకెల్లా పెద్ద కణం, నిండా నీరే. క్రోమోజోములను పంచిపెట్టడానికి దానిలో కదురు ఆకారంలో సన్నటి పోగులు అమరి ఉంటాయి. చల్లదనానికి అవి చెదిరిపోతాయి. పై పొర కూడా బిరుసెక్కి వీర్యకణాన్ని లోపలికి రానివ్వదు. 1986లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో డాక్టర్ క్రిస్టఫర్ చెన్ గడ్డకట్టించిన అండాలతో కవలలు పుట్టారని లోకానికి తెలిపినా, ఆ విజయాన్ని మళ్లీ సాధించడం చాలామందికి చేతకాలేదు. 1992లో, ఒక్క వీర్యకణాన్ని సూదితో నేరుగా అండంలోకి పంపే ఇక్సీ వచ్చి బిరుసు పొర చిక్కు తీర్చింది. మంచు సంగతి తేల్చింది విట్రిఫికేషన్. నిమిషానికి వేల డిగ్రీల వేగంతో చల్లబరిస్తే నీటికి స్ఫటికమయ్యే వ్యవధి ఉండదు, అలాగే గాజు స్థితిలో బిగుసుకుపోతుంది. 2012లో అమెరికా ప్రత్యుత్పత్తి వైద్యుల సంఘం అండాల ఫ్రీజింగ్‌పై ఉన్న 'ప్రయోగాత్మకం' అనే ముద్రను తీసేసింది.

అండం సంగతి అలా ఉంటే, పిండాన్ని గడ్డకట్టించడంలో కోల్‌కతా డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయను తలచుకోకపోతే అన్యాయం. గడ్డకట్టించి దాచిన పిండంతో 1978 అక్టోబరు 3న పాప పుట్టిందని ఆయన చెబితే ప్రభుత్వ కమిటీ కొట్టిపారేసింది. 1981లో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. గుర్తింపు దక్కింది ఆ తర్వాతే.

హైదరాబాద్‌లో పుట్టిన మాజీ మిస్ వరల్డ్ డయానా హేడెన్ సుమారు ఎనిమిదేళ్లు దాచిన అండంతో 2016లో తల్లయ్యారు. అప్పటికి ఆమెకు నలభై రెండేళ్లు. అండం వయసు మాత్రం దాచిన నాటిదే. ఈ కిటుకంతా అక్కడే ఉంది. ఫ్రీజర్ గడియారాన్ని ఆపుతుందే తప్ప వెనక్కి తిప్పదు. 2017లో అమెరికా వైద్యులు వేసిన ఒక లెక్క ప్రకారం, కనీసం ఒక బిడ్డ పుట్టే అవకాశం 75 శాతం ఉండాలంటే 34 ఏళ్లామె 10 అండాలు, 37 ఏళ్లామె 20 అండాలు దాచుకోవాలి. అదే 42 ఏళ్లామెకైతే 61 కావాలి! ఒక విడతలో అన్ని రావడం దాదాపు అసాధ్యం. విడత అంటే పదీ పన్నెండు రోజుల హార్మోను ఇంజెక్షన్లు, స్కానింగులు, చివర మత్తిచ్చి సూదితో అండాలు బయటికి తీయడం. కొందరిలో అండాశయాలు ఉబ్బి కడుపులో నీరు చేరే ముప్పూ ఉంది. నలభై దాటాక ఆశతో వచ్చేవారికి ఈ లెక్కను ముందే చెప్పని కేంద్రం మంచిది కాదు.

క్యాన్సర్ రోగుల విషయం వేరు. కీమోథెరపీ, రేడియేషన్ బీజకణాలను దెబ్బతీస్తాయి కాబట్టి చికిత్స మొదలవకముందే దాచుకోవాలి. మగవారికి అది ఒక్క రోజు పని. డాక్టరు ఎత్తకపోయినా రోగే ఈ మాట అడగాలి.

దాచాక కూడా ఒక ప్రశ్న మిగులుతుంది. ద్రవ నత్రజని నిరంతరం ఆవిరవుతూనే ఉంటుంది, నింపుతూ పోవాలి. 2018 మార్చి 4న అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఒక ట్యాంకు పాడై నాలుగు వేలకు పైగా అండాలు, పిండాలు నాశనమయ్యాయి. విచిత్రంగా అదే రోజు శాన్‌ఫ్రాన్సిస్కోలోనూ ఇంకో ట్యాంకు మొరాయించింది. కేంద్రానికి వెళ్లినవారు ప్యాకేజీ ధరతో పాటు అర్ధరాత్రి అలారం మోగితే ఎవరొస్తారో కూడా అడగడం మంచిది.